వేసవి తీరికలో పని వెదకుట

రబీ కోతలు ముగిసి కాలువలు కట్టివేసిన పిదప కృష్ణా డెల్టాలో పొలముపని సన్నగిల్లును. చదువుకొన్న రైతుబిడ్డలు కొందఱు ఈ దినములలో ఎవరును పని యీయరని యింటనే కూర్చుందురు. ఇది పొరపాటు. గుంటూరు వైపు జిన్నింగు మిల్లులు పత్తిరాక మిక్కుటముగా నుండు శీతకాలమంతయు ఎడతెగక నడచును. అప్పుడు పనికై వచ్చినవానితో మాటాడుటకు మేస్త్రీకి తీరిక యెక్కడిది? మిల్లు నిలిచినపుడే రోలరులు మార్చుట, కత్తులు సరిచూచుట, మోటారులు విప్పి శుభ్రపఱచుట జరుగును. అడుగవలసినది అప్పుడే. కొలదిదినములు మరమ్మతులో చేయి కలిపినవానిని పత్తికాలమున ముందుగా పిలుతురు. కూలిమాట మాత్రము మొదటనే తేల్చుకొనుడు. పని నేర్పుదుమను మిషతో ఊరక చేయించుకొనువారును కలరు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద చేరినవానికి వ్రాతపూర్వకమగు ఒప్పందమును, నెలనెల భృతియు నుండవలయును. నాట్లకు ఇంటికి రావలసియున్నచో ఆ మాటయు చేరునాడే చెప్పుడు.