కంప్యూటరు విడి పేపరు కాదు

మన దగ్గర గ్రంథాలయ శాస్త్రం చదవాలంటే మామూలుగా ముందు ఏదో ఒక డిగ్రీ పూర్తి చేసి, ఆపైన ఏడాది బీఎల్ఐఎస్సీలో చేరాలి. ఆ ఏడాదిలోనే వర్గీకరణ, కేటలాగింగ్, నిర్వహణ, రిఫరెన్స్ సేవ అన్నీ నేర్వాలి. వాటి పక్కన ఐటీ కూడా ఒక పేపరు. అందులో ఎక్కువగా కంప్యూటర్ భాగాలు, ఆపరేటింగ్ సిస్టమ్, నెట్‌వర్క్ రకాలు చెబుతారు. విద్యార్థి ఒక క్లాసులో కార్డు మీద కేటలాగు రాస్తాడు, మరో క్లాసులో కంప్యూటర్ నేర్చుకుంటాడు. ఈ రెంటినీ కలిపి నేర్పనంత కాలం రెండూ సగం చదువులే.

ఒక పుస్తకంతో చూద్దాం. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను కోహాలో ఎక్కించాలి. న్యూజిలాండ్‌లోని ఒక స్థానిక గ్రంథాలయ ట్రస్టు కోసం తయారై 2000 జనవరిలో వాడుకలోకి వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఇప్పుడు మన కాలేజీ లైబ్రరీల్లోనూ కనిపిస్తుంది. తెర మీద మార్క్ 21 ట్యాగులుంటాయి: 100లో రచయిత, 245లో శీర్షిక, 020లో ఐఎస్‌బీఎన్. కార్డు మీది వివరాలను యంత్రం చదవగలిగేలా 1960లలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ అవ్రమ్ రూపొందించిన మార్క్ పద్ధతే దీనికి మూలం. కాబట్టి తెర మారినా కేటలాగు నియమాల అవసరం తీరలేదు.

చిక్కంతా 100 దగ్గరే వస్తుంది. పాశ్చాత్యుల ఇంటిపేరు చివర ఉంటుంది కనుక దాన్ని ముందుకు తెచ్చి కామా పెడతారు. మన ఇంటిపేరు ముందే ఉంది. ఆ నియమం వెనుక కారణం తెలియనివాడు ‘సత్యనారాయణ, విశ్వనాథ’ అని తిప్పేస్తాడు. అప్పుడు రచయితల వరుసలో విశ్వనాథ ‘స’ దగ్గరికి పోతారు. ‘విశ్వనాథ’ అన్న పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు ఎస్‌తో, మరొకరు ఎస్‌హెచ్‌తో రాస్తారు. చివర ఒకరు టీహెచ్ పెడితే ఇంకొకరు డీహెచ్ పెడతారు. ఒకే మనిషి పుస్తకాలు నాలుగు పేర్ల కింద చెదిరిపోతాయి. దీనికి మందు అథారిటీ రికార్డు. అందులో ఆమోదించిన రూపం ఒక్కటే ఉంటుంది, మిగతా రూపాలన్నీ 400 ట్యాగులో చేరి పాఠకుణ్ణి దాని దగ్గరికే పంపుతాయి. పాత కేటలాగు సొరుగుల్లో ‘చూడు’ కార్డులు చేసిన పని ఇదే.

కార్డుల కాలంలో తప్పు ఆ ఒక్క లైబ్రరీ దాటేది కాదు. ఇప్పుడు జెడ్39.50 అనే ప్రోటోకాల్ ద్వారా ఒకరి రికార్డును మరొకరు దించుకుంటారు, తప్పు కూడా రికార్డుతో పాటే ప్రయాణిస్తుంది.

లిపి సంగతి కూడా ఇలాంటిదే. తెలుగు 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే ఉంది. అయినా పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన జాబితాలు మన దగ్గర ఎన్నో మిగిలాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో అవి అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి, వెతికితే దొరకవు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, అక్షరం అక్షరం సరిచూసి ఎక్కించడం తెలుగు లైబ్రేరియన్ తప్పక నేర్వాల్సిన పని. ఏ పరాయి దేశపు పాఠ్యపుస్తకమూ మన కోసం ఈ అధ్యాయం రాయదు.

దీనికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. కోహా లైనక్స్ మీద ఉచితంగా నడుస్తుంది. ఒక సర్వరు, కొన్ని సాధారణ కంప్యూటర్లు ఉంటే తరగతికి చాలు. ఎన్ఐసీ వారి ఇ-గ్రంథాలయ, ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి సోల్ లాంటి గ్రంథాలయ సాఫ్ట్‌వేర్లు చూపించినా మంచిదే. రిఫరెన్స్ పాఠం చెప్పేటప్పుడు శోధ్‌గంగ అనే పరిశోధనల భాండాగారంలో ఒక సిద్ధాంత గ్రంథాన్ని విద్యార్థి చేతనే వెతికించాలి. కావలసిందల్లా కేటలాగింగ్ చెప్పే మాస్టారే ఆ తెర ముందు కూర్చుని నేర్పడం. ఐటీ పేపరును బయటి అధ్యాపకుడికి అప్పగించి చేతులు దులుపుకుంటే ఇది జరగదు.

సిలబస్ రాసే పెద్దలకు ఒక్క విన్నపం. వచ్చే ప్రాక్టికల్ పరీక్షలో ప్రతి విద్యార్థి చేతికీ ఒక తెలుగు పుస్తకం ఇవ్వండి. వర్గ సంఖ్య వేసి, యూనికోడ్‌లో మార్క్ రికార్డు తయారు చేసి, రచయిత పేరుకు అథారిటీ కట్టి, చివరికి దాన్ని పాఠకుడిలా వెతికి చూపించమనండి. మార్కులు దానికే వేయండి.