లెగ్, లింబ్, కాలు

తెలుగులో తొడ మొదలు కాలివేలి గోరు దాకా ఉన్నదంతా కాలే. ముల్లు గుచ్చుకునేది కాలికి, విరిగేది కాలు, వాకిట్లో కడుక్కునేవీ కాళ్ళే. ఇంగ్లిష్ ఆ అవయవాన్ని చీలమండ దగ్గర విడదీసి, పై భాగాన్ని లెగ్ అనీ, కింది భాగాన్ని ఫుట్ అనీ అంటుంది. ఈ రెండు మాటల పుట్టుకలు కూడా వేరు.

ఫుట్ ప్రాచీనమైన మాట. సంస్కృతంలోని పాదం దానికి జ్ఞాతి. ‘ప’కారం జర్మానిక్ భాషల్లో ‘ఫ’గా మారిన తీరును యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రీకరించాడు. నాలుగోవంతు అనే అర్థం కూడా పాదానికి ఉంది. పశువు నాలుగు కాళ్ళలో ఒకటి కదా. మన ద్రావిడ ‘కాలు’ కూడా అదే దారిన నడిచింది. తమిళ, కన్నడాల్లో అది పావువంతుకు పేరు. తెలుగు ‘ముక్కాలు’లో ఆ అర్థం నేటికీ నిలిచి ఉంది.

లెగ్ మాత్రం వలస వచ్చిన మాట. స్కాండినేవియా నుండి వచ్చినవారి భాషలోని ‘లెగ్గ్ర్’ సుమారు 1300 నాటికి ఇంగ్లిష్‌లో స్థిరపడి, అంతకుముందున్న షాంక్‌ను పక్కకు నెట్టింది. అయితే పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో దానికి చిక్కు వచ్చిపడింది. ఆంగ్ల నవలాకారుడు కెప్టెన్ మారియట్ 1839లో ప్రచురించిన తన అమెరికా యాత్రా గ్రంథంలో ఒక ఉదంతం చెప్పాడు. నయాగరా వద్ద కాలుజారిన ఒక యువతిని లెగ్‌కు దెబ్బ తగిలిందా అని అడగగా ఆమె నొచ్చుకుందట. స్త్రీల ఎదుట లింబ్ అనాలట! పియానో కాళ్ళకు గుడ్డలు తొడిగిన ముచ్చటా అతడు చెప్పినదే. దానిని ఆ కాలపు ఆచారంగా లెక్కించడం మాత్రం అతిశయోక్తి. భోజనాల బల్ల మీద కోడి రొమ్ము వైట్ మీట్‌గా, కాలు డార్క్ మీట్‌గా మారినదీ ఇటువంటి బిడియం వల్లనే అంటారు. ఇక డ్రమ్‌స్టిక్ అంటే థాంక్స్‌గివింగ్ బల్ల మీద టర్కీ కాలు, తెలుగింటి పులుసులో మునగకాయ!

వైద్యశాలలో ఈ తేడా వినోదంగా మిగలదు. శరీరశాస్త్రంలో లెగ్ అంటే మోకాలి నుండి చీలమండ వరకే. తొడ దానిలో చేరదు. హైదరాబాదు నుండి గంటల తరబడి విమానంలో కదలకుండా కూర్చుని వచ్చిన తల్లి ‘కాలు నొప్పిగా ఉంది’ అంటే, కొడుకు దానిని ఫుట్ నొప్పిగా అనువదించవచ్చు. అప్పుడు వైద్యుని దృష్టి పాదం మీదికి పోతుంది. నొప్పి ఒక పిక్కలోనే ఉండి, అక్కడ వాపు కూడా ఉంటే, లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని వెంటనే పరీక్షించాలి. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. మధుమేహం ఉన్నవారిలో ప్రమాదం మరొక చోట పొంచి ఉంటుంది: అరికాలి పుండు నొప్పి తెలియకుండానే ముదరవచ్చు.

తెలుగుకు పదాల కొరత లేదు. తొడ, మోకాలు, పిక్క, చీలమండ, మడమ, అరికాలు అన్నీ పెద్దవారి నోట ఆడుతున్న మాటలే. అమెరికాలో ఫెడరల్ నిధులు పొందే ఆసుపత్రులు ఇంగ్లిష్ రానివారికి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయవలసి ఉంది. అయినా, కొడుకైనా దుబాసీ అయినా, ఇంగ్లిష్‌లోకి మార్చే ముందు ‘కాలిలో ఎక్కడ?’ అని అడగక తప్పదు.