ఛాత్రోపాధ్యాయుడు వీడియోను ఎక్కడ ఆపాలి?

బోధనకు సాంకేతికత తోడవడం మన దేశానికి కొత్త కాదు. 1975 ఆగస్టు 1న ఆరంభమైన ‘సైట్’ ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల గ్రామాలకు కార్యక్రమాలు అందించడమే కాక, ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ కూడా ఇచ్చింది. నేడు పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే ‘దీక్ష’ వేదికపై వీడియో పాఠం తెరుచుకుంటుంది.

అయితే దానిని తరగతిలో వాడే నేర్పు ఎక్కడ అలవడుతుంది? జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనలతో రెండేళ్లయిన బీఈడీలో సమాచార సాంకేతికతపై ఒక కోర్సు, 20 వారాల పాఠశాల ఇంటర్న్‌షిప్ ఉన్నాయి. రెండూ విడివిడిగా సాగడమే చిక్కు.

స్లైడ్లు తయారుచేయడం కంప్యూటర్ ల్యాబ్‌లోనే వస్తుంది. చంద్రగ్రహణం వీడియోను, చంద్రుడు భూమి నీడను తాకబోయే క్షణంలో ఆపి, “ప్రతి పౌర్ణమికీ గ్రహణం ఎందుకు రాదు?” అని అడగడం మాత్రం పిల్లల ఎదుటే అలవడుతుంది. ఆపకుండా చూపిస్తే అది సినిమాయే. విద్యుత్తు పోతే అదే పాఠాన్ని బంతి, టార్చిలైటుతో కొనసాగించగలగాలి. ఇంటర్న్‌షిప్‌ను పర్యవేక్షించే అధ్యాపకుడు ‘ఏ పరికరం వాడావు’ అనడానికి ముందు ‘ఎక్కడ ఆపావు, ఎందుకు’ అని అడగడం మేలు.