కేకలు వేయు సంగీతమును గూర్చి

గత సంవత్సరము దసరా సెలవులకు ముందు పదవ తరగతి విద్యార్థి యొకని తండ్రిగారు మా వద్దకు వచ్చిరి. "మాష్టారూ, మావాడు చెవులలో వైర్లు పెట్టుకొని రాక్షసుల అరుపులు వినుచున్నాడు. ఆ బృందము పేరే గాడ్‌లెస్ అట! అనగా దేవుడు లేనివారనియే గదా?" అని వాపోయిరి. ఫోను లాగికొన్న నాటి నుండి తండ్రీకొడుకులకు మాటలు లేవట. మేమును పూర్వ మొకసారి విషయ మరయకయే ఇట్టి ఫోను నొకదానిని స్వాధీనపరచుకొని యుంటిమి. ఈమారు ఆ బాలునే కూర్చుండబెట్టి అడిగితిమి. తెలిసిన సంగతులు తల్లిదండ్రులకు మనవి చేయుచున్నాము.

గాడ్‌లెస్ మన హైదరాబాదు బృందమే. 2016లోను 2018లోను రెండు చిన్న సంపుటములు వెలువరించి, 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అను తొలి పూర్తి ఆల్బమును తెచ్చిరి. ఆల్బమను మాట గ్రామఫోను కాలము నాటిది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ప్లేటులో ప్రక్కకు మూడు నాలుగు నిమిషముల పాటయే పట్టెడిది. పెద్ద కచేరీ ప్లేట్లను ఫోటోల పుస్తకమువంటి అట్టలో కూర్చి అమ్మెడివారు. 1948లో కొలంబియా కంపెనీ ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా పట్టు ప్లేటును తెచ్చినను ఆ పేరు నిలిచినది.

వీరిది డెత్ మెటల్. దీనికి దాయాది మెటల్‌కోర్. 1980ల చివర, 1990లలో అమెరికాలో హార్డ్‌కోర్ పంక్, మెటల్ కలిసి పుట్టినది. పరుగెత్తు పాట హఠాత్తుగా మందగించి, గిటార్లు, డ్రమ్ములు ఒక్కుమ్మడి తుంపులు తుంపులుగా మోగు ఘట్టమే దాని గురుతు. సియాటిల్ నగరమున 'కిస్ ఇట్ గుడ్‌బై' అను బృందము 1997లో ఒకే యొక ఆల్బము చేసినది. దాని పేరు, పూరేకులు త్రుంచుచు "ప్రేమించునా, ప్రేమింపదా" అని పాశ్చాత్యులాడు ఆటలోని మాట. పేరింత సుకుమారము, లోపల నంత గర్జన! మాకు నవ్వు వచ్చినది.

ఇక ఆ అరుపు. కంఠములో స్వరతంత్రులకు పైన మరియొక జత మడతలు కలవు. అభ్యాసము గల గాయకుడు ఉదరమునుండి ఊపిరి నెగదీసి ముఖ్యముగా వానినే కంపింపజేయును. అభ్యాసము లేనివాడు అనుకరించినచో గొంతు బొంగురుపోవును. మైకులు లేని దినములలో మన బళ్లారి నటులును వెనుక వరుసకు వినబడుటకు ఉదరపు ఊపిరినే నమ్ముకొనిరి.

మా భయము పేరును గూర్చి కాదు, చెవిని గూర్చి. పెద్దలు 80 డెసిబెల్ల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చునని, పిల్లలకు 75కు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 90 అయినచో పెద్దలకే నాలుగు గంటలు. ఇది ఏ సంగీతమునకైనను వర్తించును. మా ఊరేగింపుల డీజే పెట్టెలకు మరింత!

వ్యాసము వ్రాయుమన్న ఏడు వాక్యములు దాటని ఆ బాలుడు ఈ సంగతులను రెండు పుటల తెలుగులో వ్రాసి తెచ్చెను. దానిని తండ్రిగారికి చూపితిమి. వారు చదివి, కొడుకు చేతిలోని వైరు నొకటి చెవిలో పెట్టుకొని, ఒక నిమిషము విని తీసివేసి, "నాకు పట్టదు గాని, కొంచెము తగ్గించి వినరా" అనిరి.