మనది కాని ఆట

కాలిబంతి యాటను గూర్చి ఒక గృహిణి వ్రాయుట యేమని మీలో కొందరు ముక్కుపై వ్రేలుంచుకొందురేమో. వనపర్తిలో మా తండ్రిగారియొద్ద అమరమును, భారతమును చదువుకొని, గద్వాలలో ఒక బడిపంతులుగారి యింట కాపురము చేయుచున్న నాకు ఈ యాట తెలియుటకు కారణము మా చిన్నవాడు. వానికి అప్పుడు పదుమూడేండ్లు. బడినుండి వచ్చి పుస్తకముల సంచి గడపలో పడవైచి మైదానమునకు పరుగెత్తెడివాడు. దీపములవేళకు మోకాళ్లు గీచుకొని తిరిగి వచ్చెడివాడు. ఆ మోకాళ్లకు పసుపు రాచుచు, వాడు చెప్పు ముచ్చటలు వినుచు, నాకు తెలియకయే నేనును ఒక పక్షము వహించితిని. హైదరాబాదు శివారున అజీజునగరులో ఆడు శ్రీనిధి డెక్కన్ అను జట్టు మా యింటి జట్టయ్యెను.

నేను చెప్పబోవునది 2024వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేది, శనివారమునాటి సంగతి. ఉగాదికి ఇంక మూడు దినములే యుండెను. ఆనాటి యాట మా యింటికి ఎంతో దూరమున, మేఘాలయలోని షిల్లాంగు పట్టణమున జరిగినది. ఆడినవారు షిల్లాంగు లజాంగ్ జట్టువారును, కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ జట్టువారును. మా జట్టు ఆ యాటలో లేనేలేదు. అయినను మా జట్టు భవిష్యత్తు ఆ మైదానముననే తేలవలసి యుండెను.

ఇది బోధపడవలెనన్న ఈ పోటీల కట్టుబాటు కొంచెము తెలియవలెను. మన దేశమున ఐ-లీగు అను పోటీ 2007లో మొదలయినది. 2014లో ఇండియన్ సూపర్ లీగు అనునది వేరుగా పుట్టి, కొలదికాలమునకే దానిని మించి పైయంతస్తయినది. పైన మేడ గట్టిరిగాని మెట్లు గట్టలేదు. క్రింద నెంత బాగుగా ఆడినను పైకి పోవు దారి లేదు. ఇంగ్లండువంటి దేశములలో పందొమ్మిదవ శతాబ్దపు చివరినుండియే గెలిచినవారు పై తరగతికి పోవుటయు, ఓడినవారు క్రిందికి దిగుటయు గలదు. మనకు ఆ మెట్టు 2022–23 సంవత్సరపు పోటీలతోగాని రాలేదు. వచ్చినదియు ఒక్క మెట్టు: మొదట నిలిచిన ఒక్క జట్టుకే పైకి ప్రవేశము. ఆ యేడు పంజాబు జట్టు మొదట నిలిచి మేడ యెక్కినది. మా జట్టు రెండవది.

మా వారి బడిలో రెండవవానికి సైతము పై తరగతి గలదు. ఆ మాటకు వచ్చిన ముప్పదవవానికిని గలదు. ఇక్కడ రెండవవాడు అట్టడుగువానితోబాటు ఆ తరగతిలోనే మరల కూర్చుండవలెను. ఈ విధి క్రూరమని నాకు ఇప్పటికిని తోచును.

2023–24లో పదుమూడు జట్లు పోటీపడినవి. ప్రతి జట్టును తక్కిన పండ్రెండింటితో రెండేసి మారులు, తమ యూర నొకసారి, ఎదుటివారి యూర నొకసారి, ఆడవలెను. మొత్తము 24 ఆటలు. గెలుపునకు మూడు పాయింట్లు, సమమైన నొకటి. తమ యూర ఆడుట పుట్టినింట నున్నట్లు: గాలియు నేలయు అలవాటైనవి, అరచు గొంతులన్నియు మనవి. పరుల యూర ఆడుట క్రొత్తకోడలు అత్తవారింట వంట చేసినట్లు. ఉప్పుడబ్బా యెక్కడ నున్నదో తెలియదు, ప్రతివారి చూపును చేతులమీదనే. కలకత్తావారు ఆనాడు గౌహతి మీదుగా కొండ యెక్కి, సముద్రమట్టమునకు అయిదువేల యడుగుల యెత్తున, ఆ యేడే క్రింది తరగతినుండి పైకి వచ్చిన యుత్సాహవంతులతో వారి సొంత మైదానమున తలపడవలసి వచ్చెను. అప్పటికి మహమ్మడన్ వారికి 49 పాయింట్లు. రెండు ఆటలు మిగిలి యున్నవి. షిల్లాంగున గెలిచిరా, మరి యెవ్వరును వారిని అందుకొనజాలరు. ఓడిరా, మా జట్టునకు సన్నని దారి యొకటి తెరచియుండును.

మా చిన్నవాడు వంటయింటి గోడమీద సుద్దముక్కతో గడులు గీచి, జట్ల పేర్లును పాయింట్లును వ్రాసికొనెడివాడు. పండుగకు సున్నము వేయు మనిషి వచ్చి రెండు దినములనుండి పని చేయుచుండెను. ఆ గడులమీదికి కూచె రాకుండ వాడు చేతులడ్డుపెట్టి, లీగు తేలువరకు ఆగుమని బ్రతిమాలెను. గోడయంతయు తెల్లనై ఆ చదరము మాత్రము పాతదిగా మిగిలెను. మా వారు వానికొక మాట యిచ్చి యుండిరి: జట్టు పై యంతస్తునకు పోయినచో, మొదటి యాటకు ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు ఎక్కించి, బీచుపల్లి వంతెన మీదుగా హైదరాబాదునకు తీసికొనిపోయెదనని. బడిపంతులు జీతములో అది చిన్న మాట గాదు.

సరే, ఆట మొదలయ్యెను. సెల్‌ఫోనును చెంబునకు ఆనించి నిలిపి, నేను జొన్నరొట్టెలు తట్టుచు, వాడు పీటమీద గొంతుకూర్చుండి, చూచుచుంటిమి. మొదటి రొట్టె పెనముమీద వైచితినో లేదో, మొదటి నిమిషముననే మహమ్మడన్ వారి అర్జెంటీనా ఆటగాడు అలెక్సిస్ గోమెజ్ గోలు చేసెను. నా చేయి పిండిలోనే నిలిచిపోయినది. "ఏందే, రొట్టె మాడవట్టె, ఆ ఫోన్ల ఏం జూస్తున్నవ్?" అని మా అత్తగారు కేకవేసిరి. నిజముగనే మాడినది. దానిని నా పళ్లెములో వైచికొంటిని.

పావుగంట ప్రాంతమున షిల్లాంగువారికి పెనాల్టీ లభించెను. నాగర్‌కర్నూలులో మా అక్క కొడుకు తన బడిజట్టునకు గోలుకాపరి. సరిగా ఆ క్షణమున వాడు ఫోను చేసి, "చిన్నమ్మా, ఇది అయితది, చూడు!" అని యరచెను. పన్నెండు గజముల దూరమునుండి తన్నిన బంతికి ఎదురు నిలుచువాని గుండె యెట్లుండునో వానికి తెలియును. అయినను ఆనాడు వాడు గోలుకాపరి పక్షము వహింపలేదు. బ్రెజిలు దేశస్థుడు డగ్లస్ టార్డిన్ తన్నెను. బంతి వలలో బడెను. 1–1. మా చిన్నవాడు పీటను దన్నివైచి గంతులు వేసెను. నేనును, చెప్పుటకు సిగ్గగుచున్నది, పిండిచేతులతోనే చప్పట్లు చరచితిని. షిల్లాంగు నెన్నడును చూచి యెరుగను. ఆ జట్టులో నొక్కని పేరైనను ఆనాటి ప్రొద్దున నాకు తెలియదు. రెండు గంటలకాలము వారు నా తోబుట్టువులైరి.

విరామవేళ వనపర్తినుండి మా తమ్ముడు ఫోను చేసెను. వాడు లెక్కలవాడు, ఎవరు ఎచ్చట నెన్ని గోలులు చేసిరో నోటికి చెప్పును. "అక్కా, నీవు ఓడిపోవలెనని మ్రొక్కుకొనుచున్న జట్టు ఎవరిదో నీకు తెలియునా?" అని యడిగెను. నాకు తెలియదంటిని. అప్పుడు చెప్పెను. మహమ్మడన్ స్పోర్టింగ్ 1891లో పుట్టినదట. 1934లో కలకత్తా లీగును గెలిచిన మొట్టమొదటి భారతీయ జట్టు వారిదే. అది మొదలు 1938 వరకు వరుసగా అయిదేండ్లు గెలిచిరట. తెల్లదొరల పటాలముల జట్లు ఆ పోటీని ఏలుచున్న దినములవి. మన హైదరాబాదు వారైన షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజు తరువాతి కాలమున ఆ నలుపు తెలుపుల చొక్కా తొడిగినవారే. మరియు 2022 మే 14వ తేదిని కలకత్తాలో, తమవారి కన్నులయెదుటనే, గెలిచినచో ఐ-లీగు తమదగునట్టి చివరి యాటలో కేరళ గోకులమువారిచేతిలో 2–1 గోలులతో ఓడిపోయి రెండవ స్థానమున మిగిలిరి.

రెండవ స్థానము! ఆ మాట వినగనే నా నోట మాట రాలేదు. 2015లో మొలకెత్తిన మా జట్టునకు కలిగిన బాధను నూటముప్పదేండ్ల యా యింటివారు మాకంటె ముందే యనుభవించిరన్నమాట. కలకత్తాలో ఏ తల్లియో తన కొడుకుతోబాటు ఆ రాత్రి అన్నము మానియుండునుగదా. చిన్ననాడు భారతమున సంజయుడు ధృతరాష్ట్రునకు యుద్ధము చెప్పు ఘట్టములు చదువునప్పుడు, ఆ వృద్ధరాజు "నావారు ఏమైరి" అని యడుగుటయే నాకు నచ్చెడిది కాదు. ఇంటిలో కూర్చుండి, దూరమున నడచు పోరును వినుచు, నావారు, పైవారు అని గుండెలో గీత గీచుకొనుట ఎంత సులభమో ఆనాడు పెనముముందు కూర్చుండి తెలిసికొంటిని. ఆ తరువాత మ్రొక్కుకొనుట మానితినా యన్న, మానలేదు. ఉన్నమాట వ్రాయుచున్నాను. కాని గొంతులో మునుపటి బలము లేదు.

రెండవ భాగమున 62వ నిమిషమున రష్యా దేశపు కొజ్లోవ్ మహమ్మడన్ వారికి రెండవ గోలు చేసెను. మిగిలిన అరగంటయు నా కన్నులు బంతిపై లేవు, మా చిన్నవాని వీపుమీదనే. వాడు కదలలేదు. షిల్లాంగువారు ఎంత యత్నించినను మరల బంతి వలకు చేరలేదు. ఈల మ్రోగినది. 2–1. తెరమీద నలుపు తెలుపుల చొక్కాలవారు ఒకరినొకరు కౌగిలించుకొనుచుండిరి. 23 ఆటలకు 52 పాయింట్లు. మేడమెట్టు వారిది.

మా చిన్నవాడు ఏడ్వలేదు. ఏడ్చిన నేను ఓదార్చియుందును. సుద్దముక్క తీసికొని గోడయొద్దకు పోయి, 49ని చెరిపి 52 వ్రాసి, చేతులు కడుగుకొని రొట్టె తినెను.

ఆ రాత్రి మా వారు వానిని ప్రక్కన గూర్చుండబెట్టుకొని సయ్యద్ అబ్దుల్ రహీము గారి సంగతి చెప్పిరి. రహీముగారును బడిపంతులే, కాచిగూడ మిడిల్ స్కూలు మొదలగు హైదరాబాదు బడులలో పాఠములు చెప్పినవారు. మా వారికి ఆయనయం దింత యభిమానము గలుగుటకు అదియొక కారణమని నా యనుమానము. ఆయన నేర్పిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునకు ఆయన శిక్షణలో పోయిన భారత జట్టు ఆస్ట్రేలియాను 4–2 గోలులతో ఓడించి, ఆసియా ఖండమునుండి సెమీఫైనలు చేరిన మొదటి జట్టయి, నాల్గవ స్థానమున నిలిచినది. అందు మన సికిందరాబాదు అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరాం ఉండెను. 1962లో జకార్తాలో కొరియావారిని 2–1తో గెలిచి బంగారు పతకము తెచ్చిరి. మరుసటి యేడే రహీముగారు క్యాన్సరుతో కన్నుమూసిరి.

"చూచితివా, నాల్గవ స్థానమును గూర్చి ఇప్పటికిని చెప్పుకొనుచున్నాము," అనిరి మా వారు.

వాడు కొంతసేపు ఊరకుండి, "నాయనా, వారు నాల్గవవారైనను మెల్బోర్నులోనే యుండిరి. మనము రెండవవారమైనను క్రిందనే యున్నాము," అనెను. మా వారికి బదులు దొరకలేదు. పాఠశాలలో ఇట్టి ప్రశ్న వేసిన పిల్లవానిని ఏమి చేయుదురో నేనడుగలేదు.

ఆ వారముననే రహీముగారి కథతో 'మైదాన్' అను హిందీ చిత్రము విడుదల యగుట వింతయే. క్రికెట్టునకు పుటలు పుటలు కేటాయించి, కాలిబంతికి బొటనవ్రేలంత చోటు విడుచు పత్రికలు, సినిమా రాగానే రహీముగారిని గూర్చి కొలకొలలుగా వ్రాసినవి. వ్రాసినందుకు సంతోషమే. నిజామాబాదు ప్రాంతమునుండి బయలుదేరి భారత మహిళా జట్టునకు ఆడుచున్న గుగులోతు సౌమ్యను గూర్చియు, సినిమా రాకముందే, ఇట్లు వ్రాసిన బాగుండును.

ఏప్రిల్ 13వ తేదిని మహమ్మడన్ వారు తమ చివరి యాటలో కలకత్తాలో ఢిల్లీవారిచేతిలో 3–1తో ఓడిరి. "ఈ యోటమి ఒక్క వారము ముందు రాకూడదా!" అని మా చిన్నవాడు నొసలు కొట్టుకొనెను. మా జట్టు 48 పాయింట్లతో మరల రెండవదిగా నిలిచినది. మేడ యెక్కినవారు మరుసటి యేడు పై పోటీలో అట్టడుగున మిగిలిరి. 2022 మార్చి 20వ తేదిని ఆ సూపర్ లీగునే గెలిచిన హైదరాబాదు జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయినది. మా వారి మాట ప్రకారము చేయవలసిన ప్రయాణము ఇంకను బాకీ.

మరుసటి యుగాదికి మరల సున్నము వేయు మనిషి వచ్చెను. వంటయింటి గోడమీది చదరము మునుపటివలెనే యుండెను. సుద్ద కొంత రాలి, 48 అను అంకె మాత్రము నిలిచి యుండెను. "దీని మీద గూడ కొట్టాలా, అమ్మా?" అని యతడు కూచె పట్టుకొని నిలిచెను. మా చిన్నవాడు బడికి పోయి యుండెను. వాడు వచ్చువరకు ఆగుమంటిని.