మార్చ్ ఫ్రాక్చర్

మార్చ్ ఫ్రాక్చర్ అనగా నడక, పరుగు వంటి శ్రమ ఒక్కసారిగా పెరిగినపుడు పాదంలోని ఎముకలో ఏర్పడే సన్నని పగులు. దెబ్బ తగలకుండా, కాలు మడతపడకుండానే ఇది రావచ్చును. అందువలన నొప్పికి కారణం తోచక చాలామంది బెణుకుగా భావించి నడుస్తూనే ఉంటారు. కొత్తగా సైన్యంలో చేరి కవాతు చేసేవారిలో మొదట గుర్తించడం వలన ఈ పేరు వచ్చింది.

చరిత్ర

ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ 1855లో సైనికుల పాదాలలో వచ్చే ఈ వాపును, నొప్పిని వర్ణించాడు. ఎక్స్-కిరణాలు 1895లో గానీ కనుగొనబడలేదు కనుక ఎముక పగిలిన సంగతి ఆయనకు తెలియదు. 1897లో స్టెకోవ్ ఎక్స్-రే చిత్రాల ద్వారా అసలు కారణాన్ని చూపాడు.

కారణాలు

ఎముక నిరంతరం అరుగుతూ, తిరిగి కట్టుకుంటూ ఉండే సజీవ కణజాలం. భారం పెరిగినపుడు ముందు పాత ఎముక తొలగింపబడుతుంది, కొత్త ఎముక నిర్మాణం కొన్ని వారాలు వెనుకబడుతుంది. ఈ నడిమి కాలంలో శ్రమ కొనసాగితే పగులు ఏర్పడుతుంది. పాదం మధ్య నుండి వేళ్ళ మొదళ్ళ వరకు ఉండే ఐదు పొడవాటి ఎముకలలో రెండవది, మూడవది ఎక్కువగా పగులుతాయి. బొటనవేలి వైపు ఎముక లావుగా ఉంటుంది. రెండవది సన్నగా, పొడవుగా ఉండి, మొదట్లో కదలిక లేకుండా బిగిసి ఉంటుంది. విటమిన్ డి లోపం, ఎముకలు గుల్లబారడం ఉన్నవారిలో తక్కువ శ్రమకే ఇది రావచ్చును.

లక్షణాలు

అలవాటు లేనివారు అలిపిరి నుండి తిరుమలకు సుమారు 3,550 మెట్లు ఎక్కితే మరునాడు పిక్కలు, తొడలు పట్టేస్తాయి. అది కండరాల నొప్పి, సాధారణంగా నాలుగైదు రోజులలో తగ్గుతుంది. మార్చ్ ఫ్రాక్చర్ నొప్పి అటువంటిది కాదు. పాదం పైభాగాన వేలితో చూపగలిగినంత ఒకేచోట ఉండి, నడిస్తే పెరిగి, కూర్చుంటే తగ్గుతుంది. వాపు ఉండవచ్చును. ఉదయం మంచం దిగగానే మడమలో పొడిచి, నాలుగడుగులు వేస్తే తగ్గే నొప్పి వేరే వ్యాధి.

నిర్ధారణ

మొదటి రెండు మూడు వారాలలో ఎక్స్-రేలో పగులు తరచుగా కనబడదు. మానుతున్న ఎముక చుట్టూ కొత్త ఎముక పేరుకున్న తరువాతనే తెలుస్తుంది. కనుక తొలి ఎక్స్-రే బాగున్నంత మాత్రాన పగులు లేదనుకొని నడక సాగించడం ప్రమాదకరం. సన్నని పగులు పూర్తి విరుగుడుగా మారవచ్చును. అనుమానం ఉంటే విశ్రాంతినిచ్చి ఎక్స్-రే మరల తీస్తారు. ఎమ్మారై పరీక్షలో తొలి దశలోనే తెలుస్తుంది.

చికిత్స

ముఖ్యమైనది ఆ శ్రమను ఆపడమే. గట్టి అడుగుభాగం గల బూటు వాడుతూ, నడక తగ్గిస్తే చాలావరకు ఆరు నుండి ఎనిమిది వారాలలో మానుతుంది. శస్త్రచికిత్స అరుదు. నొప్పికి పారాసిటమాల్ ఇస్తారు. నొప్పి మాత్ర వేసుకుని మళ్ళీ నడవడం, నూనెతో గట్టిగా మర్దన చేయించడం తగదు. చిటికెనవేలి వైపు ఎముక మొదట్లో వచ్చే పగులు సులభంగా అతుకదు. దానికి నిపుణుని పర్యవేక్షణ అవసరం. మధుమేహం వలన స్పర్శ తగ్గినవారికి పాదం వాచి, ఎర్రబడి, వేడిగా ఉన్నా నొప్పి తెలియకపోవచ్చును. వారు పాదం మోపకుండా అదే రోజు వైద్యుని సంప్రదించాలి.