గూడు వీడియో తీయాలంటే ఎంత దూరంలో ఉండాలి?

పోయిన ఎపిసోడ్ చూసి చాలామంది అడిగారు, "మూడో పిల్ల చచ్చిపోతుంటే కెమెరా పట్టుకుని ఎలా చూస్తూ కూర్చున్నారండీ?" అని. న్యాయమైన ప్రశ్నే. ఈరోజు దాని గురించే చెప్తాను.

మేము తీసింది హిందూపురం వైపున్న వీరాపురంలో, ఎర్రకాళ్ళ కొంగల్ని. ఊళ్ళో చింతచెట్ల మీదే ఇవి గూళ్ళు కడతాయి. చాలామంది వీటిని సైబీరియా కొంగలంటారు కానీ, ఇవి మన పక్షులే. నీళ్ళూ చేపలూ ఉన్న చోటు వెతుక్కుంటూ వచ్చి పిల్లల్ని పెంచుకుంటాయి.

గుడ్లు సుమారు నెల రోజులు పొదుగుతాయి. ఆ తర్వాత పిల్ల ఎగరడానికి ఇంకో రెండు నెలలు. గుడ్లన్నీ ఒకేరోజు పిగలవు. ముందు పుట్టింది ముందే బలుస్తుంది. పెద్దవి చేపల్ని మింగి తెచ్చి గూట్లో కక్కుతాయి. ఎవరు ముందు అందుకుంటే వాళ్ళదే. చెరువులో చేపలు బాగా ఉంటే చిన్నదానికీ మిగులుతుంది. లేకపోతే ఆఖరిది రోజురోజుకీ నీరసించిపోతుంది. మేము చూసింది అదే.

"చెట్టెక్కి రెండు చేపలు పెట్టొచ్చు కదా?" అంటారు. పెట్టొచ్చు, కానీ ఆ చెట్టు మీద ఉన్నది ఆ ఒక్క గూడే కాదు. మనిషి ఎక్కితే చుట్టూ ఉన్న కొంగలన్నీ లేచిపోతాయి. మధ్యాహ్నం ఎండలో తల్లో తండ్రో రెక్కలు చాపి నిలబడితేనే పిల్లలకి నీడ. అది లేస్తే ఒంటిమీద ఈకలు కూడా సరిగా లేని పిల్లలు మాడిపోతాయి. గద్దలూ కాకులూ అలాంటి సందు కోసమే చూస్తుంటాయి. ఒకదాన్ని బతికించబోయి పదింటిని పోగొట్టుకున్నట్టవుతుంది.

ఇంకో సంగతి. దగ్గరకి వెళ్తే పిల్ల కదలకుండా గూట్లో నక్కి ఉంటుంది. "భలే ఫోజిచ్చింది" అనుకుంటాం. నిజానికి అది భయంతో చచ్చినట్టు నటిస్తోంది. ఒక్కోసారి తిన్నదంతా కక్కేస్తుంది కూడా. తల్లి ఎక్కడినుంచో మోసుకొచ్చిన మేత మన ఫోటో కోసం వృథా.

అందుకే నేను పెద్ద లెన్సుతో దూరం నుంచే తీస్తాను. డ్రోన్ ఎగరేయను. అడ్డొచ్చిందని కొమ్మ నరకను. గూళ్ళని, గుడ్లని కదిలించడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా.

పిల్ల కిందపడితే మాత్రం సంగతి వేరు. కుక్కలు రాకుండా చూసి అటవీశాఖ వాళ్ళకి కబురు పెట్టండి. జాలిపడి నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మరి ఎంత దూరం ఉండాలి? అన్ని పక్షులకీ పనికొచ్చే లెక్క లేదు. ఆ పక్షే చెప్తుంది. మేత పెట్టడం ఆపి, మెడ నిక్కించి మీవైపు చూసిందంటే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చేసినట్టే. షాట్ సంగతి తర్వాత, ముందు వెనక్కి జరగండి.

వచ్చే ఎపిసోడ్‌లో గిజిగాడి గూడు చూద్దాం. ఉంటానండీ.